కట్టేటప్పుడు

లొల్ల లాకుల కింద మూడో తూముకి
మా నాన్న లస్కరు.
చిక్కాల భద్రం. రికార్డులో తాత్కాలికం,
ముప్పై రెండేళ్ళు.

తూము తాళం ఆయన భుజం మీద ఉండేది,
వంకీ తిరిగిన ఇనప కడ్డీ.
కలిపిన అన్నం ముద్దలో కూడా గ్రీజు వాసన.
"ఒదలడం ఎవడైనా ఒదుల్తాడే బుల్లీ,
కట్టేటప్పుడు తెలుత్తాది లస్కరెవడో."

నేనిప్పుడు కాకినాడలో
సూక్ష్మదర్శిని ముందు కూర్చుని
కణం గోడలో ఒక తూముని చూస్తుంటాను.
చూస్తానంటే అబద్ధం, అది కనిపించదు.
రంగు నీళ్ళు లోపలికి పాకితే
తెరుచుకుందని రాసుకుంటాను,
చేను తడిసిందంటే పైన ఎవరో తూము ఎత్తారని
శివారు రైతు తెలుసుకున్నట్టు.

పానెక్సిన్ అంటారు.
పేరులో చుట్టరికం ఉంది.
ఇంటినీ ఇంటినీ కలిపే దొడ్డిదారి అనుకుని పెట్టారు.
కాదు, అది వీధిలోకి తెరుచుకునే తలుపు.
పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.
పలకలు ఆరనుకున్నారు మొదట,
గడ్డకట్టించి లెక్కపెడితే ఏడు.
ఫోన్లో చెబితే నాన్న నవ్వాడు.
"మా కాలవ మీదా అంతే కదేటి,
ఆఫీసు లెక్కొకటి, నీటి లెక్కొకటి."

కణం తన ఏటీపీని
గాదెలో గింజల్లా దాచుకుంటుంది.
లోపలున్నంత సేపూ అది తిండి.
ఈ తూము దాటిందా, మాట.
ఇరుకు నాళంలో నలిగిన ఎర్రకణం
గుప్పెడు బయటికి వదిలితే
నాళం గోడ విని, కాస్త ఒదిగి
దారిస్తుంది.
చచ్చిపోతున్న కణానికైతే
లోపలి కత్తెర ఒకటి ఆ తలుపు గొళ్ళెం కోసేస్తుంది.
ఇక మూతపడదు.
ఇక్కడున్నాను, వచ్చి ఎత్తుకుపొండి అని
ఊడ్చే కణాలకి కబురు.

ఎనభై ఆరు వరదలో
గట్టుకి గండి పడిన రాత్రి
కిరసనాయిలు డబ్బాని తాళంతో బాదుకుంటూ
నాన్న లంక దాకా పరిగెత్తాడట.
సొట్టల డబ్బా ఇంకా ఉంది.
అమ్మ అందులో కోళ్ళకి నూకలు పోసి ఉంచుతుంది.

దాళ్వా నాట్ల వారంలో
తాళం ఆయన చేతిలోంచి జారింది.
ముందు కుడిచెయ్యి. తర్వాత మూతి.
తర్వాత మాట.
అమలాపురం ఆసుపత్రి వరండాలో
ఫిల్ముని వెలుతురుకి పట్టుకుంటే
ఎడమ పక్క మబ్బు.

నెత్తురందని చోట
ఆ తూములన్నీ ఒక్కసారిగా లేచి
కట్టే మనిషి లేక
ఉన్నది పోయి, రాకూడనిది వచ్చి, ఉబ్బి
ఇది నేను పరీక్షలో రాసిన జవాబే.
పది మార్కులది.
"ఏమైందే ఆయనకి" అని అమ్మ అడిగితే
గ్లాసు కడుక్కొస్తానని లేచిపోయాను.

ఎలకల్లో ఆ తూము మూస్తే
మచ్చ చిన్నదవుతుందని చదివాను.
కీళ్ళ వాతానికిచ్చే పాత మాత్ర ఒకటి
గాజు పళ్ళెంలో దాన్ని మూయగలదు.
నాన్న బొటనవేలికి వాతం ఉంది.
ఎలకనీ పళ్ళేన్నీ బొటనవేలినీ
కలిపి ఆశపడటం
సైన్సు కాదని నాకు తెలుసు.
కలుపుకున్నాను.

నలభయ్యో రోజు
మాట నేర్పే అమ్మాయి లీలాకుమారి
దువ్వెన చూపించి పేరడిగింది,
చెంచా చూపించి అడిగింది.
ఆయన రెండింటినీ పక్కకి నెట్టి
ఎడమచెయ్యి గాల్లోకెత్తి, పిడికిలి బిగించి
తిప్పడం మొదలుపెట్టాడు.
ఎత్తుతున్నాడో దించుతున్నాడో తెలియలేదు.
ఆరు చుట్లు లెక్కపెట్టాను.
ఏడోది సగంలో ఆపి
తల కొంచెం వంచాడు,
నీళ్ళ చప్పుడు ఎంత తగ్గిందో
వింటున్నట్టు.