రూళ్ల కాగితం మంచు

చోఫులో మూడో అంతస్తు, కిటికీ లేని గది.
పాత సినిమాల కళ్లలో నలుసులు తీయడం నా ఉద్యోగం.
ఫ్రేముకి ఎనభై మూడు లక్షల చుక్కలు,
సెకనుకి ఇరవై నాలుగు ఫ్రేములు.
మధ్యాహ్నం డబ్బా మూత తీసేసరికి
నేను దాటేది నాలుగు సెకన్లు.

ఈసారి చేతికొచ్చింది ఎవరికీ పెద్దగా గుర్తులేని సినిమా.
ఒతరు రేవులో ఒక వంటమనిషి
ఉత్తరం కోసం గుమ్మంలోకి వస్తుంది.
నలభై ఏడో నిమిషం.
మంచు మొదలవుతుంది.

యంత్రానికి మంచు తెలీదు.
ఒక ఫ్రేములో ఉండి, మరు ఫ్రేములో లేనిదల్లా
దాని లెక్కన దుమ్మే.
రాత్రంతా ఊడ్చి పెట్టింది.
పొద్దున వచ్చి చూస్తే
ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది.
ఏమీ కురవని వీధిలో ఆమె ఒక్కతే
భుజాలు దులుపుకుంటోంది.

వెనక్కి తెచ్చుకున్నాను, రేకు రేకూ.
ఇది మంచు. ఇది దుమ్ము. ఇది మంచు.
ఇది మంచే అనుకుంటా.
పదకొండు రోజులు.

దగ్గరికి లాగితే ఈ మంచుకి మూలలున్నాయి.
కత్తెర కాటు తెలుస్తోంది.
ఆమె ఎడమ భుజం మీద ఆగిన ముక్కలో
నూలుపోగంత నీలిగీత.
గీటు పడిందంది యంత్రం,
నేనూ సరేనన్నాను,
వేలు మీట మీదే ఉంది,
పక్క ముక్కలోనూ అదే నీలం.
అదే సన్నం.

రూళ్లు.

పాత జీతాల పుస్తకంలో ఒక పేరు దొరికింది:
సకాకిబర తొకుజి, సామాను సహాయకుడు.
ఆయన లేడు. కూతురు ఫుమియె ఫోనెత్తింది.
"షూటింగ్ మే నెలలోనమ్మా,
మా ఊళ్లో అసలు మంచు కరిగిపోయాక వచ్చారు.
వాళ్లు తెచ్చిన కాగితం ఒక్క పూటకే అయిపోయింది.
నాన్న నా లెక్కల పుస్తకాలు పట్టుకుపోయాడు.
బళ్లో నన్ను నించోబెట్టారు.
ఏడో ఎక్కం నాకిప్పటికీ రాదు."

ఇసోగాయి గారు నా కుర్చీ వెనక నిలబడి అన్నారు:
"చెరిపెయ్. మంచు మంచులా కనపడాలి కదా."

ఆయన చెప్పిందీ నిజమే.
తీగల్లోంచి ఇళ్లకి పోయే కాపీ దారి ఇరుకు,
అందులో పడ్డ మంచు గంజి అయిపోతుంది,
గీత ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.
రేపొచ్చే టీవీలు గోడంత.
లేని చుక్కల్ని అవే ఊహించి నింపుకుంటాయట.
వాటి ఊహకి తెలిసింది అసలు మంచే,
తొకుజి గారి మూలలన్నీ
మర్యాదగా గుండ్రం చేసేస్తాయి.

ఇక మిగిలేది డిస్కు.
ఎనిమిది వందలు, అంతే.
నగానోలో ఆ అచ్చు మార్చి దాకే తిరుగుతుంది,
తర్వాత ఆ షెడ్డులో పుట్టగొడుగులు పెంచుతారట.
ఎనిమిది వందల మంది కోసం ఒక నీలిగీత,
వాళ్లలో ఎందరు చూస్తారు,
చూసినవాళ్లలో ఎందరు ఆపి చూస్తారు?

నేను చెరపలేదు.
చెరిపానని చెప్పాను.

ఒక డిస్కు ఒతరు పంపాను.
పెట్టుకునే యంత్రం ఆమె దగ్గర లేదు.
ఊళ్లో కొట్లన్నీ నవ్వి పంపించాయి.
చివరికి రెండు బస్సులు మారి
సప్పొరోలో ఒక గ్రంథాలయం, మూలన ఒక్క పెట్టె,
పక్కన తిప్పడం తెలిసిన కుర్రాడు.
నలభై ఏడో నిమిషం
మూడుసార్లు వెనక్కి తిప్పించిందట.

ఆ సాయంత్రం ఫోన్ చేసింది.
ఏడుస్తుందేమోనని రుమాలు దగ్గర పెట్టుకున్నాను,
ఆమె ఎక్కడో ఉందన్న సంగతి మరిచి.

"ఆ నటి అంటే నాన్నకి ఒళ్లుమంట," అంది.
"రాత్రంతా కూర్చుని కత్తిరిస్తే
అలా దులిపేస్తుందేమిటని."