ఎనిమిదో నంబరు బూట్లు

నా పాదం అయిదో నంబరు.
స్టోరు గుమాస్తా తలెత్తకుండానే తోశాడు
తెల్ల గంబూట్లు, ఎనిమిదో నంబరు.
"ఆడోళ్ళ సైజులు రావండి, కంపెనీ పంపదండి" అన్నాడు.
ఆ అండీలకేం తక్కువ లేదు, ఆయ్.

లోపల చెయ్యి పెడితే
బొటనవేలు చోట గుడ్డ ఉండ.
నీలం మీద తెల్ల చుక్కల నూలుచీర ముక్క,
ఒక పాదం నొక్కీ నొక్కీ గట్టిపడిపోయింది.
ఎవరిదని అడగలేదు.
ఆదివారాలు మందిరంలో
ఆ చీర వెనక చాపలోనే ఏడాది కూచున్నాను.

రొయ్య ఒలిచేవాళ్ళు రాత్రి పదికి వ్యానెక్కేస్తారు.
అప్పుడు మేం దిగుతాం,
తలకాయల్లోకి, తొక్కులోకి, కరిగిన ఐసులోకి,
చీలమండ దాకా జిగట.
క్లోరిన్ కొలిచే గ్లాసు ఎప్పుడో పగిలింది.
కళ్ళు మండితే సరిపోయినట్టని
సూపర్‌వైజరు లెక్క. కళ్ళు మావి.
తెల్లారి నేను కలిపిన ముద్ద నా పిల్ల తినదు,
బ్లీచింగు వాసనంటుంది.
నిమ్మచెక్క రుద్దితే వాసన పోదు గానీ
గోళ్ళ మూలలు భగ్గుమంటాయి.

పసుపు బోర్డొకటుంది. జారిపడుతున్న మనిషి బొమ్మ.
కడిగే ముందు గుమ్మంలో పెట్టాలి,
పైవాళ్ళెవరైనా వస్తే జారకుండా.
బొమ్మలో మనిషికి పేంటుంది.
ఏస్తేరు దాన్ని గుమ్మంలో సరిగ్గా పెట్టి
లోపల పడింది.
కన్వేయరు ఇనపకాలి మీద నడుం.
అరుపేమీ వినపడలేదంట,
చేతిలోంచి జారిన పైపు
నేలమీద తన్నుకోవడం తప్ప.

రిజిస్టరులో రాశారు:
ఇంటి దగ్గర జారిపడినది.

యనమదుర్రు గట్టున ఏస్తేరు ఇల్లు నేనెరుగుదును.
జారడానికి అక్కడ గచ్చేదీ?
పేడ అలికిన మట్టి.

భీమవరం పెద్దాసుపత్రిలో చూడ్డానికెళ్ళాను,
అరడజను చక్రకేళీ పట్టుకుని.
దుప్పటి తీసి కాలివేళ్ళు చూపించింది.
"కదుల్తున్నాయా?" అని నన్నే అడిగింది.
నేను అరటిపండు ఒలిచాను.
కాసేపటికి తనే అంది:
"కుడిదానికి మడం దగ్గర చిల్లుంటాది,
సైకిలు ట్యూబు ముక్క అతికించుకో."
బూట్ల సంగతి నేను చెప్పలేదు.

సోమవారం రాత్రి పది.
నీలం గుడ్డ తియ్యబుద్ధి కాలేదు.
ఏస్తేరుది ఆరో నంబరేమో,
నా వేళ్ళకీ గుడ్డకీ మధ్య
ఇంకా కాస్త ఖాళీ ఉంది.
నా పాతచీర అంచు చింపి
అందులో కుక్కాను.