మూడు రియాల్ల దండుగ

నల్లబట్ట మీద నల్లదారం.
రువీల పదకొండేండ్ల సంది నా పని అదే.
ట్యూబులైటు కింద, అబాయా అంచుకు
కుట్టు కనబడకుంట కుట్టుడు.
నలుపుల ఎన్ని నలుపులున్నయో నన్నడుగు:
కొరియా నలుపు, లోపల నీలం దాసుకున్న నలుపు,
రెండు ఉతుకులకే ఎర్రబారే దొంగ నలుపు.
వేలు పెట్టి చెప్తుంటి.

నా కంట్లున్న నలుపు ఒక్కటే
నాకు కనబడలే.

నొప్పి లేదు. నీళ్లు కారలే. ఎర్రగ గాలే.
సూదిల దారం రెండోసారికి ఎక్కుతుండె, అంతే.
నలభై దాటింది గదా, దగ్గరి అద్దాలు కొందామని,
అదిగూడ సగం ధర బోర్డు వెట్టిండ్రని
శుక్రవారం నమాజు జనం సల్లవడ్డంక పోయిన.

ఆ మలయాళీ పిల్ల, పేరు షీజ,
కంట్ల సుక్కలేసి కూసోవెట్టింది.
గోడ మీది అక్షరాలు నానిన అటుకుల తీర్గ ఉబ్బినయ్.
లైటు వట్టుకొని లోపలికి జూసింది.
మల్ల జూసింది.
అప్పటిదాంక వాళ్ల ఊరి వాన గురించి
ఆగకుంట మాట్లాడిన పిల్ల
ఆగింది.

సిరిసిల్లల సాంచెలు నడిపిన చేతులు నావి.
పోగు తెగితే సప్పుడు మారుతది,
కునికిపాటుల ఉన్నా లేచి అతుకువెడ్తుంటి.
కంట్ల తెగిన పోగుకు
సప్పుడే లేదు.

పెద్ద దవాఖానల డాక్టరు కాయితం మీద సున్న గీసి
అడుగున ఒక సుక్క వెట్టిండు.
ఒంటి మీద పుట్టుమచ్చ తీర్గనే
కంటి లోపల గూడ ఉంటదట.
కొన్ని ఊకుంటయట, కొన్ని ఊకోవట.
నాది ఊకోలే.
"నేను బీడి గూడ తాగ సార్" అన్న,
ఎవలో తప్పు లెక్క రాసిండ్రన్నట్టు.

ఎడమ కన్ను తీసేసిండ్రు.
ఈ ఒక్క ముక్క రాయనీకె నాకు ఏడాది వట్టింది.

కొత్త కన్ను జేసేటాయిన
సన్న కుంచెతోని రంగులు కలుపుకుంట అడిగిండు,
నీ కన్ను ఏం రంగు?
నలుపు అన్న.
కాదు, చూడు అని అద్దం ఇచ్చిండు.
కిటికీ వెలుగుల, ఉన్న కన్ను
బాగ మరిగిన చాయ రంగుండె.
నలుపులన్నీ తెలిసిన దర్జీని,
నలభై మూడేండ్లు మోసిన నా కంటి రంగు
నాకే తెల్వదు.

ఇప్పుడు చాయ పోస్తే కప్పు పక్కకు జరుగుతది.
రోడ్డు దాటాలంటే మెడంత తిప్పాలె.
దారం ఎక్కియ్యాలంటే ముందుగాల
సూది కొసను వేలితోని తాకి
యాడున్నవే అని అడగాలె.
ఆర్నెల్లకోసారి కార్జం ఫోటో తీస్తరు,
ఆడికి పాకిందా లేదా అని.
ఆ వారం మిషిను మీద కాలు
దానంతట అదే ఆగుతది.
మిగిలిన దినాలు మామూలే,
పప్పు మాడుతది, అర్బాబు ఒర్లుతడు,
బాత్‌రూం కాడ లైను.
కలల్ల మాత్రం ఇంకా రెండు కండ్లున్నయ్.

రూముల లింబాద్రికి చెప్పిన,
సుక్కలేపిచ్చుకొని ఒక్కపారి సూపిచ్చుకో.
"నాకు మంచిగనే కనబడ్తది."
నాక్కూడ మంచిగనే కనబడ్డది తమ్మీ.
వాడేమనలే.
తెల్లారి డ్యూటీ ఉందన్నడు,
ఒక వారం క్రికెట్టన్నడు, ఒక వారం కడుపునొప్పన్నడు.
ఫోనుకు గీత వడొద్దని మీద అద్దం అతికిచ్చినవ్,
కంటి కాడికొచ్చే వరకు పైసలు లెక్కవెడ్తున్నవా అన్న.
నాలుగో శుక్రవారం
వాని బిర్యానీ డబ్బా నా చేతుల వట్టుకొని
ముందు నడిచిన. వెనుక వచ్చిండు.

ఏం లేదన్నరు.

బయటికొస్తే రువీ ఎండ.
సుక్కలకు కనుపాపలు విచ్చుకొని
రెప్ప లేపలేక
వాడు నా బుజం వట్టుకున్నడు.
టాక్సీలు, నీళ్ల లారీ, ఆగని బస్సు.
కుడికి జూసి, మెడంత తిప్పి ఎడమకు జూసి,
ఒక్క కన్నుతోని
ఇద్దర్ని దాటిచ్చిన.

అవుతలి గడ్డ ఎక్కంగనే మొదలువెట్టిండు,
"మూడు రియాల్లు దండుగనే అన్నా."
అవునురా, దండుగ.
వచ్చే ఏడు గూడ తీసుకొస్త,
గిట్లనే దండుగ కావాలె.