కాసిం కొట్టు తూకం

పెరంబూరులో మూడో అంతస్తు మాది.
లిఫ్టు లేదు. యాభై నాలుగు మెట్లు.

రాజపాళయం నుంచి రైల్లో
మామిడిపళ్ల బుట్టలో వచ్చింది,
ఒళ్లంతా తెలుపు, గులాబీ ముక్కు,
ఎవరివో అరువు తెచ్చుకున్నట్టు పాదాలు.
సున్నం అని పేరు పెట్టాడు మావాడు.
అడవిపందిని నిలవేసే జాతట.
నా చెప్పును చూసి జడుసుకుంది.

ఈ తెల్లవాటికి పుట్టుచెవుడు ఉంటుందన్నారెవరో.
వెనక నిలబడి స్టీలు పళ్లెం జారవిడిచాను.
ఎగిరొచ్చి నా కుచ్చిళ్లలో దూరింది.
పక్కింటి సెల్వరాణి తలుపు తీసి తిట్టిపోసింది.
ఎంత హాయిగా ఉందో ఆ తిట్టు!

వేపేరి ఆసుపత్రిలో డాక్టర్ తిలకవతి
దాని మోకాలిని రెండు వేళ్ల మధ్య పట్టుకుని
"పెద్ద జాతి ఇది, ఎముకల కొసలింకా మూసుకోలేదు.
ఏడాది పైనే పడుతుంది.
అప్పటిదాకా మెట్లు దించొద్దు,
బండి వెనక పరిగెత్తించొద్దు.
లావు చెయ్యొద్దు, పక్కటెముకలు వేళ్లకు తగలాలి" అంది.
నా సంచీలోంచి కాల్షియం సీసా తీసి చూసి
"ఇదెవరు ఇచ్చారు?" అంది.
నేనే కొన్నానని చెప్పలేదు.

ఆ రోజు నుంచి మోశాను.
ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి తొడల కింద,
తెల్లారి, మిట్టమధ్యాహ్నం, మిషను కట్టేశాక రాత్రి.

ఆదివారం ఆదివారం
కాసిం భాయ్ పాత పేపర్ల కొట్టులో తూకం.
పళ్లెంలో గోనె పరిచి కూర్చోబెడితే
గోడమీద సుద్దతో రాసేవాడు:
ఆరున్నర. తొమ్మిది. పన్నెండూ పావు.
"పేపరు రేటా, ఇనుము రేటా అక్కా?"
ప్రతి వారం అదే మాట. ప్రతి వారం నవ్వేదాన్ని.

వీధి మాత్రం ఊరుకోలేదు.
"తిండి పెట్టడం లేదా? ఎండు చేపలా ఉందే!"
రాగి సంకటి, ఉడికించిన కోడి, గుడ్డు,
కొలిచిన గిన్నెతో మూడు పూటలు.
బొద్దుగా ఉంటేనే బిడ్డ అనే వీధి ఇది.
నేనూ అలాగే పెరిగాను. అలాగే పెంచాను.

కార్తీక మాసం వానల్లో ముందుకంటే వెనక ఎత్తు పెరిగి
కాడి దించిన బండిలా తయారైంది.
ఒక వారం ఈ కాలు కుంటింది, మరో వారం ఆ కాలు.
పెరిగే నొప్పే, పడుకోనివ్వండి అంది డాక్టరు.
పడుకోనిచ్చాను.

ఓ సాయంత్రం మైదానంలో
గాలికి పాలిథీన్ సంచి ఎగిరింది.
సున్నం మెడ బిగుసుకుంది. చెవులు వెనక్కెళ్లాయి.
ఆ చిన్న ఒంట్లో
ఎవరో పెద్దవాళ్లు లేచి నిలబడ్డట్టు.
గొలుసు రెండు చేతులతో పట్టుకున్నాను.

పద్దెనిమిది కిలోల ఆదివారం
కోచింగు నుంచి వస్తూ సుధన్వ కొట్టు దగ్గర ఆగాడు.
సున్నం దిగగానే సరదాకి తన సంచీ పళ్లెంలో పడేశాడు.
పదకొండూ రెండొందలు.
కాసిం అదీ రాశాడు, కుక్క అంకె కిందే.
ఇద్దరూ పగలబడి నవ్వారు.
ఇనుము రేటా అని మాత్రం అడగలేదు కాసిం.

ఏడో తరగతి నుంచీ నాలుగున్నరకు లేపుతున్నాను వాణ్ని.
డాక్టరు చెప్పింది కుక్క గురించే.
మొత్తం కుక్క గురించే.

ఇరవై మూడు దాటాక నా నడుము వల్ల కాలేదు.
ముందు వాడు, వెనక నేను,
బీరువా దించినట్టు దించుతున్నాం.
మలుపు దగ్గర "అమ్మా, మెల్లగా" అంటాడు.

రాత్రి వాడు పుస్తకం మీదే నిద్రపోయాడు.
దుప్పటి కప్పబోయి వీపు మీద చెయ్యి వేశాను.
పక్కటెముకలు వేళ్లకు తగిలాయి.
ఫోను తీసి అలారం ఆరుకు మార్చాను.

అయిదుకల్లా సున్నం
ఇద్దరినీ లేపేసింది.