ఎడమకు లాగే సైకిలు

ఐబార్‌లో మూడు రోజులుగా జల్లు.
వాన అనడానికి లేదు, ఆగిందనడానికీ లేదు.
ఇక్కడ దాన్ని సిరిమిరి అంటాం.
కొక్కానికి తగిలించిన కోటు కూడా
తెల్లారేసరికి చెమ్మగిల్లుతుంది.

మెట్ల చాటు కొట్లో
సైకిలు తలకిందులుగా నిలబడి ఉంది,
హ్యాండిలు కొమ్ములు నేలకానించి
పొడవబోయి మనసు మార్చుకున్న పొట్టేలులా.

లెక్క వేశాను, పాత కరెంటు బిల్లు వెనక, పెన్సిలుతో.
టైర్లు రెండు, నలభై నాలుగు.
బ్రేకు తీగలు, పన్నెండు.
రంగు వేయించాలంటే దురాంగోలో రెండువందల ఎనభై,
అక్షరాలకు విడిగా.
సీటు కడ్డీ గొట్టంలో కరుచుకుపోయింది.
అల్యూమినియమూ ఉక్కూ ముప్పయ్యేళ్లు
ఒకే పడకలో నిద్రపోయి ఒకటైపోయాయి.
అమ్మోనియా పోశాను, వేడి చూపించాను, బూతులు తిట్టాను.
కదల్లేదు.

ఆంచోన్ బిల్బావో నుంచి రెండుసార్లు ఫోను చేశాడు.
ఏడువందల యాభై ఇస్తాడు, ఉన్నదున్నట్టుగా.
అంటే మా బాయిలరు మరమ్మతు, పైన కాస్త మిగులు.
కొత్తగా తెరిచిన హోటలు గోడకు కావాలట,
బల్లల పైన, దీపం కింద.
"తుప్పు తుడవకండి, తుప్పుకే అందం" అన్నాడు.
నా గోళ్ల సందుల్లోంచి ఆ అందం
సబ్బు పెట్టి రుద్దినా ఇంకా వదల్లేదు.

వెనక చక్రం తిప్పాను.
టిక్కుటిక్కుమంటూ పదహారేళ్ల నేను అర్రాతె కొండ ఎక్కాను.
మూడో మలుపులో కాళ్లు నావి కాకుండా పోయిన చోటు
ఇప్పటికీ తొడల్లో ఉంది.
దిగేటప్పుడు మాత్రం ప్రతిసారీ ఎడమ గట్టు వైపే పోయేదాన్ని.
నా ఒంటిదే వంకర అనుకున్నాను.
పెళ్లి ఫొటోలో కూడా
ఎడమకు ఒరిగే నిలబడి ఉంటాను.

ఆదివారం మేనత్త ఎస్కార్నెను అడిగాను.
తుపాకులు చేసిన చేతులు సైకిళ్లకు మళ్లిన ఊరు ఇది.
ఆమె ఇరవై రెండేళ్లు గొట్టాలకు ఇత్తడి అతుకు వేసింది,
ఆ షెడ్డులో మంట పట్టిన ఒకే ఒక్క ఆడమనిషి.
ఈ సైకిలు మొదట ఆమెది, తర్వాత నాది.
పేకముక్కల మీంచి తలెత్తకుండానే అంది:
"అమ్మేయ్."

నేను సిద్ధం చేసుకెళ్లిన మాటలన్నీ నోట్లోనే చల్లారాయి.
"నువ్వు అతికిందే కదా?"
"వేలల్లో అతికాను. అన్నీ నా పిల్లలే అయితే
ఎక్కడ పడుకోబెట్టేదాన్ని?"
ముక్క వేసింది. ఆట ఆమెదే.
"అయినా అది నాసిరకం. వెనక భాగం
రెండు మిల్లీమీటర్లు పక్కకు పోయింది.
ఫోర్‌మన్ తిప్పికొట్టాడు. నా జీతంలోంచే కోసుకుని
నా మొహానే కొట్టాడు."
కాస్త ఆగి, "ఆ రోజు పంటి నొప్పి.
ఒక చేత్తో దవడ పట్టుకుని, రెండో చేత్తో..."
మిగతాది గాలిలో చూపించింది,
మంటను ఎంత దూరాన పట్టుకోవాలో సరిగ్గా అంత దూరాన.

కొట్టుకు తిరిగొచ్చి దారం కట్టాను,
ముందు గొట్టం నుంచి వెనక చెవుల దాకా, రెండు పక్కలా.
స్కేలు పెట్టి కొలిచాను.
రెండు కాదు, రెండున్నర.
ముసలిది అక్కడా అర తగ్గించే చెప్పింది.

ఆంచోన్ మూడోసారి చేసినప్పుడు ఉన్నది చెప్పాను.
గోడ మీద అది ఎటూ లాగదు కదా, అని నవ్వాడు.
నిజమే. అందులో తప్పేం లేదు.
ఆ నిజమే నాకు గొంతు దిగలేదు.

బిల్లు వెనక రంగు కొట్టేశాను, అక్షరాలు కొట్టేశాను.
సీటు ఆ పదహారేళ్ల ఎత్తులోనే ఉండనీ,
మోకాళ్లే కాస్త సర్దుకుంటాయి.
చైను కిరసనాయిల్లో నానుతోంది.
టైర్లు, తీగలు: యాభై ఆరు.
"ఫ్రేము నిటారు చేయించడం" అని ఒక వరుస రాసి
ఎదురుగా ఏ అంకే వేయకుండా వదిలేశాను.

రాత్రి అత్తకు ఫోను చేసి, అమ్మడం లేదన్నాను.
"బుద్ధిలేనిదానా. చలికి చస్తావ్" అంది.
పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు.
ఎక్కడో వెనక గడియారం, ఆమె ఊపిరి.
"గాలి ఎంత కొట్టావ్?" అంది.