మైకు కూత

ముప్పైరెండేండ్లుగా నా పని ఒకటే,
మైకు కూయకుండా చూసుకునేది.
గంగ జాతరైనా, ఓట్ల మీటింగైనా,
పెండ్లిలో అయ్యవారి మంత్రం కింద
సన్నగా ఈల లేస్తా ఉందంటే
ఏ మర తిప్పాలో నా వేలికి ముందే తెలుసు.
"చెంగల్రాయులు సెట్టు కూయదప్పా"
చిత్తూరులో నేను సంపాదించిన ఆస్తి ఆ మాటే.

ఆ మాట విని వచ్చినారు నలుగురు.
మాకు కూత కావాల, అన్నారు.

గిటారు గజేంద్ర, గ్రానైటు షెడ్డులో పాలిషు పని,
గోళ్ళ సందున ఎప్పుడూ రాతిపిండి.
బేసు జిలానీ, పరుపులు కుట్టే ఇంటోడు.
డ్రమ్ములు మునిలక్ష్మి:
వాళ్ళింట్లో పలకలు మొగోళ్ళకే,
ఆ పిల్లకు చెయ్యి తిరిగింది ఖాళీ గుజ్జు డబ్బాల మీద.
పాడేది ఎస్తేరు, నర్సింగు రెండో సంవత్సరం.
సూది వేసే ముందు మాట్లాడినట్టు
మెల్లిగా మొదలుపెడతాది, ఆనక అరుస్తాది.

ఆగస్టు దాటినాక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మూత.
వాచ్‌మన్‌కు రాత్రికొక బిర్యానీ పొట్లం.
గోడలకు జిలానీ వాళ్ళ పరుపులు నిలబెట్టినాం,
ఒకదానికి చీటీ అట్లనే ఉంది, 'బేస్తవారం ఇయ్యాల' అని.
వేలూరు రోడ్డులో లారీలు పలచబడేది ఒంటిగంటకు.
ఆడికాడి నుంచి నాలుగు దాకా మాది.
నేల ఎంత కడిగినా తియ్యటి పులుపు వాసన.
కందిరీగ ఒకటి మూడో పాటలో ఉండిపోయింది,
తీసేస్తానంటే గజేంద్ర ఒప్పుకోలా.

ఐదో పాటలో మాటల్లేవు, అంకెలుండాయి.
ఎస్తేరు ఖాళీ స్టీలు తొట్టిలోకి దిగి
టోకెన్ నంబర్లు చదివింది.
నాలుగువందల పన్నెండు.
నాలుగువందల పదమూడు.
ఎండాకాలంలో ఆ నంబర్లు పిలిచింది నా మైకే.
గేటు బయట తోతాపురి ట్రాక్టర్లు మూడు దినాలు,
నంబరు పెరిగే కొద్దీ రేటు దిగతా వచ్చె.
ఐదువందలు దాటినాక పిలిచినా ఎవురూ రాలా,
నీవా ఏటి గట్టున కుమ్మరించి పొయ్యుండారు.
నేను బాడుగ తీసుకొని, వైర్లు చుట్టుకొని వచ్చేస్తిని.
మునిలక్ష్మి వాళ్ళ నాయనది ఐదువందల ఆరంట.
అది నాకు ఆ రాత్రే తెలిసింది.

చివరి నంబరు కాడ గజేంద్ర
గిటారును స్పీకరు మూతికి ఆనించినాడు.
లేచింది.
నా చెయ్యి దానంతటదే మర మీదికి పోయింది.
మునిలక్ష్మి పుల్ల ఎత్తి వద్దనింది.
ఎడమ చేత్తో కుడిచెయ్యి పట్టుకొని
నిమిషం నలభై సెకండ్లు నిలబడితిని.
గొంతులో ఏదో అడ్డం పడి దగ్గితే
ఆ దగ్గు కూడా రికార్డైపోయింది.

'తోతాపురి' అని పేరు పెట్టినారు. ఎనిమిది పాటలు.
విడుదలకు స్టేజీ లేదు, దండల్లేవు.
బస్టాండు టీ అంగట్లో అర్ధరాత్రి
జిలానీ ఫోనులో ఒక గీత నింపుకుంటా పోతాంది,
డెబ్బయ్యొకటి కాడ నిలిచిపోయింది.
తిరుత్తణి బస్సు పోయింది, బెంగళూరు బస్సు పోయింది,
రెండో టీకి ఎవురి దగ్గరా చిల్లర లేదు.
మూడు దాటినాక "అయిపాయె" అన్నాడు.
ఎవురూ కేక వెయ్యలా.
ఎస్తేరుకు ఏడింటికి వార్డు డ్యూటీ.

తెల్లారి చూస్తే విన్నోళ్ళు అరవైముగ్గురు,
అందులో మేమే శానామందిమి.
పలమనేరు తట్టు ఎవురో ఒకరు మాత్రం
ఐదో పాటే పదకొండు తూర్లు విన్నారంట.
ఎవురో,
ఎన్నో నంబరో.

మా ఇంటామె చెవిలో పెట్టుకొని అంతా వినింది.
"ఇది నీ దగ్గు కదా,
మిరియాల కషాయం తాగమంటే తాగితివా" అనింది.
పాట గురించి ఏమీ అనలా.
మళ్ళీ మొదట్నుంచి పెట్టమనింది.

బాడుగ బాకీ పద్నాలుగు వందలు.
దానికి బదులు గజేంద్ర తెచ్చిచ్చింది
నల్లరాతి పళ్ళెం, రికార్డు మాదిరి గుండ్రం,
నడిమధ్యన బొక్క, గీతలు కూడా చెక్కినాడు.
సూది పెడితే సూదే విరుగుతాది.
పెండ్లిండ్లకు పోయేటప్పుడు తీసుకపోతా ఉండా,
వైర్లు కదలకుండా బరువుకు
బాగా పనికొస్తా ఉంది.