కుడి ట్రే

గ్రిమ్స్‌బీలో డిసెంబరంటే
మధ్యాహ్నం మూడింటికే దీపాలు.
చేపల ఫ్యాక్టరీ ఆఫీసులో
నా బల్ల మీద రెండు ట్రేలు:
తొమ్మిదో ప్రశ్నకి "లేదు" అన్నవాళ్లు ఎడమకి,
"ఉంది" అన్నవాళ్లు కుడికి.
గురువారం సాయంత్రం కుడి ట్రే
కాగితాలు చింపే మిషన్ నోట్లోకి.
అలా చెయ్యమని ఎవరూ రాసివ్వలేదు.
వద్దని కూడా ఎవరూ అనలేదు.

"మీకు ఎప్పుడైనా శిక్ష పడిందా?
పడితే వివరాలు కింద రాయండి."
కింద ఒకటిన్నర గీత.
ఇంటిపేరుకి ఇచ్చిన చోటే అంతకన్నా పెద్దది.

ఇవాళ డెస్మండ్ థర్కెటిల్, నలభై ఆరేళ్లు,
ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడట, రాత్రి షిఫ్టయినా సరేనట.
"ఉంది" అన్నాడు. గీతలు చాలక
మార్జిన్లో నిలువుగా, కాగితం తిప్పి చదవాల్సినట్టు:
"రాగి తీగ. రైలు పట్టాల పక్కది. పదకొండు నెలలు.
చుట్ట ముప్పై కిలోలు. చలికి ఇప్పటికీ భుజం లాగుతుంది.
పనికి అడ్డం రాదు."

నవ్వొచ్చింది.
ఆ నవ్వు ఆగకముందే నా చెయ్యి
నా భుజం మీదికి పోయింది,
గుమ్మడికాయల దొంగ అని
ఎవరూ అనకుండానే.

నాకప్పుడు పంతొమ్మిది.
ముసలివాళ్ల హోంలో మిసెస్ ఆల్డస్ పర్సు,
వారానికో ఇరవై పౌన్ల నోటు, తొమ్మిది వారాలు.
ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టుకుని
"ఈమధ్య నా మతి నాదగ్గర లేదమ్మా" అనేది, నాతోనే.
జడ్జి వేసింది నూట ఇరవై గంటలు:
స్మశానంలో గడ్డి కోశాను, అయిపోయింది.
ఆ "అమ్మా" మాత్రం
ఎన్ని గంటలకో ఎవరూ చెప్పలేదు.

తర్వాత పెళ్లి, కొత్త ఇంటిపేరు.

బీరువాలోంచి నా ఫైలు తీశాను.
తొమ్మిదో గడిలో నా టిక్కు
చీమ కాలంత.
పెన్ను కాగితాన్ని తాకిందో లేదో.
డెస్మండ్ కాగితం వెనక్కి తిప్పితే
అక్షరాలు అటువైపుకి పొడుచుకొచ్చి ఉన్నాయి,
కళ్లు మూసుకుని వేలితో చదవొచ్చు.
చదివాను.

ఫోను మోగింది. పైనుంచి మేనేజరు:
"కోరల్, సోమవారం ఇంటర్వ్యూకి ఎంతమంది?"
ఎడమ ట్రేలో ఐదు.
"ఆరుగురు," అన్నాను.

అతనికి అనుమానం రాలేదు.
అతను ఎప్పుడూ లెక్కపెట్టుకోడు.
నేనే
ఇంకోసారి లెక్కపెట్టాను.